తప్పు రోడ్డుది

సూరత్ పక్కన కడోదరా చౌరస్తాలో జయంతీభాయ్ గ్యారేజీకి ఎంత పేరుందో, అందులో పనిచేసే మెకానిక్ కమలాకర్ అరచేతికి అంతకంటే ఎక్కువ పేరుంది. బండి వెనక మూల మీద ఆ చెయ్యి ఆనించి, ఒంటి బరువంతా వేసి ఒక్క నొక్కు నొక్కి వదిలేస్తాడు. బండి లేచి అలాగే నిలబడిపోతే, కుదుపులు మింగే షాకర్ బతికున్నట్టు. రెండోసారి ఊగితే మూలుగుతున్నట్టు. మూడోసారీ ఊగిందంటే దానికి రోజులు నిండినట్టే. పద్దెనిమిదేళ్లుగా ఆ చెయ్యి ఇచ్చిందే తీర్పు. లారీ డ్రైవర్లు ఛాయ్ తెప్పించి మరీ "మిస్త్రీ, ఒక్కసారి చెయ్యి పెట్టు" అని బతిమాలుకుంటారు. అంత పేరున్న చేతికి కాస్త పొగరు కూడా ఉంటుంది, ఉండదా మరి.

కరోనా రెండోసారి ఊరి మీద పడ్డ ఏప్రిల్ నెల అది. సూరత్‌లో సామాన్ల బజారు మూతపడింది. గ్యారేజీ షట్టరు సగం దించి, హైవే బండ్లు ఆగిపోకుండా ఉండేంత పని మాత్రం చేస్తున్నారు. సోమవారం పొద్దున మురళీ జీపు వచ్చి ఆ సగం షట్టరు ముందు ఆగింది.

మురళీది జగిత్యాల వైపు. సూరత్ గోడాదరాలో కమలాకర్ ఉండే గల్లీకి వెనక గల్లీలో ఉంటాడు. మగ్గాల కార్ఖానాల నుంచి చీరల మూటలు మార్కెట్‌కు మోసేవాడు. పోయిన దసరాకు ముందు ఆ మూటల బరువుకు జీపు వెనక భాగం నేలకు ఆనుతుంటే, బరువు బండ్లకు వేసే గట్టి షాకర్లు ఏరి వేసింది కమలాకరే. ఇప్పుడు మగ్గాలు ఆగాయి, మూటలు లేవు. సీట్లు పీకేసిన ఆ వెనక భాగంలో కాళ్లు కోసిన ఇనుప మంచం బిగించి, దాని మీద పరుపు పరిచి, మురళీ రోగులను మోస్తున్నాడు. అంబులెన్సు పిలిస్తే పలికే రోజులు కావవి.

"అన్నా, ఎన్క షాకర్లు మార్చాలె," మాస్కు గడ్డం కిందికి లాక్కొని అన్నాడు మురళీ. "జర మెత్తటియి ఎయ్యి. గుంత వస్తె లోపటున్నోళ్లు మంచం మీదికెల్లి లేచి పడుతున్నరు. నిన్న ఒక పెద్దమనిషి పైన రాడ్డు పట్టుకొని ఏలాడుకుంటనే వచ్చిండు దవాఖాన దాంక."

కమలాకర్ జీపు వెనక మూల మీద చెయ్యి ఆనించి నొక్కాడు. జీపు కదిలిందా అంటే కదిలింది, లేదా అంటే లేదు. రాయిలా నిలబడింది.

"సూడు. ఒక్క ఊపు గూడ లేదు," అన్నాడు.

అంతటితో ఆగలేదు. టార్చి పట్టుకొని వెల్లకిలా జీపు కిందికి దూరాడు. షాకర్ రాడ్డును పాత బట్టతో తుడిచి, ఆ బట్టను వెలుతురులో తిప్పి చూశాడు. నూనె చెమ్మ లేదు. రాడ్డు మీద గీత లేదు. రబ్బరు బుష్షులు నిన్ననే వేసినట్టున్నాయి. ఉండవూ మరి! బండిని గాలిలోకి లేపి బోల్టు బిగిస్తే, దించాక రబ్బరు మెలిపడి చిరిగిపోతుందని, చక్రాలు నేల మీద ఉంచి, మూటలు ఎక్కించి, ఆ బరువు మీదనే బిగించిన బోల్టులవి. తన పనిని తానే చూసుకొని మురిసిపోయి బయటికొచ్చాడు కమలాకర్.

"గివి ఇంక మూడేండ్లు నడుస్తయి తమ్మీ. మంచిగున్న సామాను ఇప్పి పారేసుడు నాతోని గాదు. తప్పు షాకర్లది గాదు, రోడ్డుది."

"రోడ్డు అట్లనే ఉంటది గదన్నా."

"టైర్లల్ల గాలి తగ్గిస్త. జర మెల్లగ నడుపు, సరిపోతది."

అతని తలకు జానెడు పైన, గోడకు కొట్టిన చెక్క మీద, ఒక జత మెత్తటి కంపెనీ షాకర్లు అట్టపెట్టెల్లో పడుకొని ఉన్నాయి. మురళీ జీపుకు సరిగ్గా పట్టేవి. నలభై నిమిషాల పని. గట్టి షాకర్లు బరువుంటేనే బంగారమనీ, ఖాళీ బండి కింద అవి ఇనుప గుంజలనీ కమలాకర్‌కు తెలియదా? ఎంతమంది గిరాకీలకు ఆ పాఠం చెప్పాడో. తెలియక కాదు. తాను ఏరి వేసిన జతను ఇంకొకడు వద్దనడం అతనికి మింగుడు పడలేదు, అంతే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపించడం ఎవరి తరం?

మురళీ గాలి తగ్గించుకొని "సరే అన్నా" అని జీపు ఎక్కాడు. గ్యారేజీ ముందున్న మోరీ బండ మీద నుంచి జీపు దిగినప్పుడు వెనక మంచం టక్కున కొట్టుకుంది. కమలాకర్ ఆ చప్పుడు విననట్టే పానాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

*

బుధవారం మధ్యాహ్నం తెల్లటి పెద్ద బండి ఒకటి వచ్చింది. అద్దకం మిల్లు మేనేజరుది. ఫారంహౌసుకు వెళ్లేటప్పుడు మేడమ్‌గారికి నడుం పట్టేస్తోందట, వెనక షాకర్లు కొత్తవి వేయమన్నారని డ్రైవరు చెప్పాడు. బండి కొత్త మోడలే అయినా కంపెనీ అదే, వెనక బరువు మోసే ఇనుప పట్టీల కమాన్ల కట్టు అదే. మురళీ జీపుకు పట్టే షాకరే దీనికీ పడుతుంది.

కమలాకర్ చెయ్యి పెట్టి నొక్కాడు. బండి లేచింది, ఆగింది, మళ్లీ కొంచెం ఊగి సర్దుకుంది. కిందికి దూరి చూస్తే నూనె కారడం లేదు. కాస్త అలిసిపోయాయి గాని ఇంకో ఏడాది నడుస్తాయి. ఇంకెప్పుడైనా అయితే ఆ మాటే చెప్పేవాడు.

"గిరాకీ అడుగుతుంటే నీకేంటి కమలాకర్," ఆఫీసు గది అద్దం వెనక నుంచి జయంతీభాయ్ హిందీలో అన్నాడు. "వేసెయ్. రేపు షట్టరు పూర్తిగా దించమంటే ఆ సరుకు ఎవరికి అమ్ముకుంటాను?"

జయంతీభాయ్ చెడ్డవాడు కాదు. పోయినేడు లాక్‌డౌన్ అంతా జీతం ఆపకుండా ఇచ్చినవాడు. కమలాకర్ నిచ్చెన వేసుకొని ఆ జతను దించాడు. గ్యారేజీలో ఆ సైజుకు అదే ఆఖరు జత.

పడుకోబెట్టి ఉంచిన షాకర్‌ను తీసి అలాగే బిగించేవాడు మిస్త్రీ కాడు. దాన్ని నిలువుగా పట్టుకొని, రాడ్డును పూర్తిగా లాగి, పూర్తిగా నొక్కి, అలా ఆరేడుసార్లు చెయ్యాలి. లోపలి నూనెలో కలిసిన గాలి పైకి పోయి, మొదటి నుంచి చివరి దాకా చేతికి ఒకే పట్టు తగలాలి. కమలాకర్ ఒక్కొక్కటీ ఏడుసార్లు లాగి నొక్కాడు. నాలుగోసారో ఐదోసారో మురళీ ముఖం గుర్తొచ్చింది. ఈ జత అడిగిందెవరు, పోతున్నది ఎవరికి? వానివి మంచిగనే ఉన్నయి కదా అని తనకు తానే జవాబు చెప్పుకొని, ఆరోసారి లాగాడు. రాడ్డు మీద గీత పడకుండా దాని చుట్టూ బట్ట చుట్టాడు. విప్పిన పాత జతను వెనక గోడ పక్కన తుక్కు కుప్ప మీద పారేశాడు. ఆ రోజు ఆ పని అంత శ్రద్ధగా చేసినందుకు తర్వాత తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నాడో.

*

గోడాదరాలో కమలాకర్ తినేది కనకవ్వ దగ్గర. మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లకు రెండు పూటలా వండి పెడుతుందామె. పోయినేడు ఊరికి పోయినవాళ్లు కొందరు తిరిగి రాలేదు, వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ పోయారు, ఇప్పుడు మిగిలింది నలుగురైదుగురు. ఆ నలుగురి కోసమే పొయ్యి ఆర్పకుండా ఉంది. ఆమెకొక అలవాటు. పళ్లెం ముందు పెట్టాక, గరిటె చేతిలో పట్టుకొని అడుగుతుంది: "ఇయ్యాల బరువు పనా బిడ్డా, కూసుండే పనా?" బరువు పని అంటే రెండు జొన్న రొట్టెలు, పైన అన్నం. కూర్చునే పని అంటే అన్నం, చారు, కొంచెం మజ్జిగ. అడగకుండా ఎవరికీ వడ్డించదు. రోజూ చూసే మనిషే అయినా అడుగుతుంది. "మొన్నటి ఆకలి ఇయ్యాల ఉంటదార" అంటుంది.

గురువారం పొద్దున గంజి కుండ పట్టుకొని మెట్లు దిగుతూ కనకవ్వ జారి పడింది. తుంటి ఎముక పగిలిందని గల్లీ చివర ఎక్స్‌రే తీసినవాళ్లు చెప్పారు. ఊళ్లో పెద్దాసుపత్రులన్నీ జ్వరమొచ్చినవాళ్లతోనే నిండిపోయాయి, విరిగిన ఎముకలకు మంచం లేదు. సాయంత్రం దాకా ఫోన్లు చేయగా చేయగా, కడోదరా దాటాక వచ్చే బార్డోలీలో ఒక ఎముకల డాక్టరు ఒప్పుకున్నాడు. శుక్రవారం పదకొండు లోపల తీసుకొస్తేనే మంచం, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. మురళీ జీపు తొమ్మిదింటికి గల్లీలోకి వచ్చింది. వంటలో కనకవ్వకు సాయం చేసే వినోద, ఆమె విరిగిన కాలికి అటో దిండు ఇటో దిండు పెట్టి పాత చీరతో కట్టింది. నలుగురూ కలిసి పరుపుతో సహా లేపి జీపులో పడుకోబెట్టారు. కమలాకర్ ఆ మంచం పక్కన కింద కూర్చొని, దిండ్లు జరగకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

తాను షాకర్లు వేసిన బండిలో వెనక కూర్చోవడం అతనికి అదే మొదటిసారి. పని అయ్యాక ఏ బండినైనా ఒక చుట్టు తిప్పి చూస్తాడు గాని, ముందు డ్రైవరు పక్కన కూర్చొని చూస్తాడు. మిస్త్రీలందరూ అంతే.

పర్వత్ పాటియా దగ్గర మొదటి స్పీడు బ్రేకరు వచ్చింది. జీపు ఊగలేదు. అతని చెయ్యి మెచ్చుకునేది సరిగ్గా దాన్నే. రోడ్డు ఇచ్చిన దెబ్బంతా నేరుగా మంచంలోకి, మంచంలోంచి కనకవ్వ తుంటిలోకి పోయింది. ఆమె అరవలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ముక్కులోంచి సన్నటి మూలుగు ఒకటి వచ్చింది.

"మెల్లగ పోరా," అన్నాడు కమలాకర్.

"ఇంక మెల్లగంటె ఆపుడే అన్నా," అన్నాడు మురళీ.

ఇంకో మాట అనలేదు. అనడానికి మాట లేక కాదు. సోమవారం నాటి మాట వాని నాలుక చివర ఉందని కమలాకర్‌కు తెలుసు. వాడు అననందుకే ఎక్కువ కాలింది. సారోలీ దాటేసరికి ఎన్ని గుంతలు వచ్చాయో, ప్రతి గుంతకూ దిండ్ల మధ్య ఆ కాలు అతని చేతుల్లోనే ఎగిరి పడింది. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఇన్నేళ్లూ అతను కాకి లాగే బతికాడు, బండి మీద వాలి పొడిచి చూసి, బాగుందని చెప్పి ఎగిరిపోయాడు.

"గిదేం బండి బిడ్డా, బండల మీద గుంజుకపోతున్నట్టున్నది," కొంగు తీసి అడిగింది కనకవ్వ. కణతల మీది చెమట చెవుల్లోకి కారుతోంది. "ఇంకెంత దూరం?"

"దగ్గర్నే అవ్వా."

అబద్ధం. సగం కూడా రాలేదు. కడోదరా దాటాక రోడ్డు వెడల్పు చేస్తామని తవ్వి పోశారు, ఇప్పటిదాకా వచ్చింది దాని ముందు నున్నటి గచ్చే. ఆ తవ్విన రోడ్డును తలుచుకోగానే కమలాకర్ తల ఎత్తి ముందుకు కేకేశాడు.

"మురళీ, గ్యారేజీ కాడ ఆపు."

"పదకొండు లోపట పోవాలె అన్నా. ఇప్పటికే పావు తక్కువ పదైంది."

"ఇరవై నిమిషాలల్ల ఇప్పి బిగిస్త. ఆపు."

చెక్క మీద మెత్తటి జత లేదు. అది మేడమ్‌గారి నడుం కింద ఫారంహౌసుకు పోయింది, పంపింది ఈ చేతులే. కమలాకర్ చెక్క వైపు చూడనైనా చూడకుండా వెనక గోడ దగ్గరికి పరుగెత్తి, తుక్కు కుప్ప మీది పాత జతను తీశాడు. దుమ్ము తుడిచాడు. రాడ్డు వెలుతురుకు పట్టి గీత ఉందేమో చూశాడు. రెండు రోజులు పడుకొని ఉన్నాయి గనుక నిలువుగా పట్టుకొని ఒక్కొక్కటీ ఏడుసార్లు లాగి నొక్కాడు. అంత తొందరలోనూ ఒక్కటి తగ్గించలేదు.

"అవి తుక్కు కదా," అన్నాడు జయంతీభాయ్.

"అవే కావాలి సేఠ్," అన్నాడు కమలాకర్.

కమాన్లు బండి బరువు మోస్తూనే ఉంటాయి గనుక జాకీ పెట్టి లేపాల్సిన పని లేదు. జీపు ఉన్నచోటే, కనకవ్వ పైన ఉండగానే, అతను కిందికి దూరాడు. బోల్టులకు దసరాకు ముందు తాను పట్టించిన గ్రీజు ఇంకా ఉంది, పానా పెట్టగానే కదిలాయి. తన పనితనం ఆ ఒక్కచోట అక్కరకొచ్చింది. గట్టి జత ఊడి ఛాతీ మీద పడింది. అతని ముఖానికి మూరెడు పైన, రేకుకు అవతల, కనకవ్వ ఊపిరి చప్పుడు వినిపిస్తోంది.

"కింద ఎవరు బిడ్డా?"

"నేనే అవ్వా. ఒక నట్టు వదులైంది."

అది రెండో అబద్ధం. బండి మీద ఉండాల్సిన బరువు ఉన్నప్పుడే ఆఖరి బిగింపు బిగించాలన్నది అతని నియమం. ఆ పూట ఉండాల్సిన బరువు ఆమెదే. కమలాకర్ నాలుగు బోల్టులూ బిగించి బయటికొచ్చాడు. చొక్కా వీపంతా నూనె, మట్టి. పది దాటి పది నిమిషాలైంది.

తవ్విన రోడ్డు మొదలైంది. జీపు గుంతలోకి దిగింది, మెల్లగా కుంగింది, లేచింది, ఇంకోసారి ఊగి సర్దుకుంది. రెండు ఊపులు. అరచేతి లెక్కలో మూలుగుతున్న షాకర్లు. చేతుల్లో ఉన్న కాలు మాత్రం దిండ్ల మధ్య అలాగే ఉంది. ఇంకో గుంత, ఇంకో గుంత, కంకర కుప్ప పక్కనుంచి ఒక వాలు. కనకవ్వ నోట్లోంచి కొంగు దానంతటదే జారింది. చాలాసేపు కళ్లు మూసుకొని ఉండి, తర్వాత తెరిచింది.

"రోడ్డు మంచిగొచ్చింది బిడ్డా," అంది.

ముందు నుంచి మురళీ, తల తిప్పకుండానే, "అవునవ్వా. ఈడికెల్లి రోడ్డు మంచిగుంటది," అన్నాడు.

*

పదకొండుకు ఐదు నిమిషాల ముందు చేరారు. మంచం దక్కింది. డాక్టరు మళ్లీ ఎక్స్‌రే తీయించి, నిన్నటి ఫిల్మునూ ఈ రోజుదాన్నీ పక్కపక్కన లైటు మీద పెట్టాడు. కమలాకర్‌ను దగ్గరికి పిలిచి వేలితో చూపించాడు. నిన్న పగులు ఉన్నచోటే ఉంది. ఈ రోజు ఎముక పక్కకు జరిగింది. దారిలో కుదుపులకు జరిగి ఉంటుందన్నాడు. ఆపరేషన్ చేస్తాం, నడుస్తుంది, కాని ఆ కాలు కొంచెం పొట్టిదవుతుంది, చేతికర్ర తప్పదు అన్నాడు. ఎవరినో తప్పు పట్టినట్టు కాదు, వానొచ్చిందని చెప్పినట్టు చెప్పాడు. గంజి కుండ, చారు గిన్నె పట్టుకొని రోజూ మెట్లెక్కి దిగే కాలు అది.

స్ట్రెచరు మీద లోపలికి తీసుకుపోతుంటే కనకవ్వ అతని చెయ్యి పట్టుకుంది. పానాలు పట్టి కాయలు కాసిన అరచెయ్యి.

"బాధపడకు బిడ్డా. మెట్లు జేసిన పని. ఆ మెట్ల మీద గంజి ఒలకబోసుకున్నది నేనే గద."

కమలాకర్ చెప్పాలనుకున్నాడు. నోరు తెరిచేలోపే తలుపులు మూసుకున్నాయి.

సాయంత్రం వినోద వచ్చి అవ్వ దగ్గర ఉండిపోయింది, వీళ్లిద్దరూ తిరుగు దారి పట్టారు.

"ముందట కూసో అన్నా," అన్నాడు మురళీ.

కమలాకర్ వినకుండా వెనక ఎక్కి, కనకవ్వ పడుకున్న పరుపు మీద పడుకున్నాడు. దిండుకు ఆమె తలనూనె వాసన ఉంది. తవ్విన రోడ్డు వీపు కింద దిగుతూ లేస్తూ పోయింది. అలిసిన మనిషైతే నిద్రపోవచ్చు. తుక్కు కుప్ప మీది జత ఇచ్చిన సుఖం అది. సోమవారం నాడు తలకు జానెడు పైన కొత్త జతే ఉంది. నలభై నిమిషాలు. కమలాకర్‌కు ఏడుపొచ్చింది. మాస్కు పైకి లాక్కొని, అది తడిసేదాకా ఏడ్చాడు.

"మురళీ."

"ఆఁ అన్నా."

"సోమారం నాడు గట్టిగ ఎందుకు అడగలేదురా? లొల్లి పెడితె ఎయ్యకపోదునా?"

మురళీ గేరు మార్చాడు. "నీ చెయ్యి చెప్పింది గదన్నా. కమలాకరన్న చెయ్యి అబద్ధం చెప్పదని అందరికి చెప్పుకుంట తిరిగెటోన్ని నేనే. నేనెట్ల లొల్లి పెడుత?"

కమలాకర్ జీపు పైకప్పు వైపు చూశాడు. పైన ఇనుప రాడ్డు ఉంది. పట్టుకొని పట్టుకొని మధ్యలో రంగు పోయి మెరుస్తోంది.

"సోమారం నుంచి నిన్నటిదాంక ఎంతమంది ఎక్కిన్రు దీంట్ల?"

"గిప్పుడు గదెందుకన్నా," అన్నాడు మురళీ.

శనివారం పొద్దున గ్యారేజీలో, విప్పిన గట్టి జత చెక్క మీద ఉంది. నూనె చెమ్మ లేదు, గీత లేదు, మూడేళ్లు నడుస్తాయి. షట్టరు ముందు ఒక టెంపో వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, వెనక షాకర్లు ఒకసారి చూడమన్నాడు. కమలాకర్ లేచి వెళ్లి అలవాటుగా అరచెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి బండికి తగలకుండానే ఆగింది.

"దీంట్లో ఏం ఎక్కుతుంది భాయ్," హిందీలో అడిగాడు. "బరువా, మనుషులా?"

డ్రైవరు నవ్వాడు. "అదేం ప్రశ్న మిస్త్రీ? చెయ్యి పెట్టు, నీ చేతికి తెలియనిదా?"

"చేతికి తెలియదు భాయ్," అన్నాడు కమలాకర్. "నువ్వే చెప్పు."